‘బడి అంటే ఫ్యాక్టరీ’ వీడియో నిజమేనా? ప్రష్యా కథ తెలిసినవాళ్లు చెప్పండి

డల్లాస్_అమ్మ
అందరికీ నమస్కారం. రెండు వారాలుగా మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఇప్పటి బడి రెండొందల ఏళ్ల కిందట ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపు ఉండే పాత రాజ్యం) రాజు ఫ్యాక్టరీలకి పనివాళ్లని తయారు చెయ్యడానికి పెట్టిందట, బెల్లు, వరసల్లో బెంచీలు, యూనిఫాం అన్నీ అందుకేనట, అప్పట్నుంచి ఒక్క ముక్క మారలేదట. మా ఆయన కజిన్స్ అంతా కరెక్ట్ కరెక్ట్ అని చప్పట్లు. ఒకాయనైతే పిల్లాణ్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానంటున్నాడు.

మా మామగారు తెనాలిలో ఉంటారు, రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఆయన గ్రూపులో పెట్టింది ఒకటే లైను: “మరి ఫ్యాక్టరీలు రాకముందు బడులు లేవా అమ్మా?” అంతే, ఎవరూ మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. మా అబ్బాయి నాలుగో క్లాసు. వాడి బడి చూస్తే నాకు ఫ్యాక్టరీలా అనిపించదు కానీ నేను చదివిన బడి మాత్రం... సరే అది వదిలేయండి. చరిత్ర చదివినవాళ్లు ఎవరైనా అసలు సంగతి చెప్తారా?

కరీంనగర్_కుర్రాడు
మేడమ్ అది నూటికి నూరు పాళ్లు నిజం. ఇందులో డౌటేముంది? నేను ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో చదివాను, కాలేజీ పేరు చెప్పను. పొద్దున నాలుగున్నరకి బెల్లు, రాత్రి పదకొండుకి బెల్లు, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం. మేం సరుకు, వాళ్లు ప్యాకింగ్. ప్రష్యా కాకపోతే ఎవరు కనిపెట్టారు దీన్ని?

పాతపుస్తకాలు
తమ్ముడూ, నువ్వు పడ్డ బాధ నిజమే, దాని మీద పేచీ లేదు. కానీ ఆ వీడియోలో తేదీలు అస్సలు కుదరవు.

ప్రష్యాలో రెండో ఫ్రెడరిక్ పల్లెబడుల చట్టం తెచ్చింది 1763లో. ఏడేళ్ల యుద్ధం అప్పుడే అయిపోయింది, దేశం చితికిపోయి ఉంది. అయిదేళ్ల నుంచి పదమూడు పధ్నాలుగేళ్ల దాకా పిల్లలు బడికి రావాలన్నాడు. అప్పటికి ప్రష్యాలో మీరనుకునే ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయి? జనంలో ఎక్కువమంది జమీందార్ల పొలాలకి కట్టుబడి బతికే రైతులు, ఆ కట్టుబాటు రద్దు చేసిన శాసనమే 1807లో వచ్చింది. 1763 బడిలో చెప్పింది ముఖ్యంగా బైబిలు, ప్రశ్నోత్తరాల రూపంలో ఉండే మత పాఠం, చదవడం, రాయడం, కాసిని లెక్కలు. తనిఖీ చేసేది ఊరి పాస్టరు. పంతులంటే చాలా చోట్ల కుట్టుపని చేసుకుంటూ మధ్యలో పాఠం చెప్పే దర్జీ. 1779లో రాజుగారే యుద్ధంలో దెబ్బతిన్న పాత సిపాయిల్ని పంతుళ్లుగా పెట్టమన్నాడు, పింఛను ఖర్చు కలిసొస్తుందని. ఇక కోతలొస్తే పిల్లలంతా పొలంలోనే. చట్టం కాయితం మీద ఎంత గట్టిగా ఉన్నా ఊళ్లో జరిగింది అంతంతమాత్రం.

రాజుకి కావలసింది దైవభీతి ఉన్న, చెప్పిన మాట వినే ప్రజ. అది గొప్ప ఆశయమని నేననను. కానీ ఫ్యాక్టరీ ఆశయం మాత్రం కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే అందరికీ చదువు అనే మాటని గట్టిగా ఎత్తుకున్నది జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్. 1524లో జర్మన్ నగరాల పెద్దలకి రాసిన ఉత్తరంలో, తుపాకులకీ రోడ్లకీ వంతెనలకీ ఏటా అంత డబ్బు పోస్తారే, పిల్లలకి ఒకరిద్దరు మంచి పంతుళ్లని పెట్టడానికి చేతులు రావా అని దులిపేశాడు. ఆయన లెక్క ఏంటంటే మనిషి దేవుడి మాట తనే చదువుకోవాలి, మధ్యలో చదివి చెప్పేవాడు అక్కర్లేదు. 1647లో అమెరికాలో మసాచుసెట్స్ వాళ్లు చేసిన చట్టంలో మొదటి వాక్యమే సైతాను గురించి! జనం బైబిలు చదవకుండా చెయ్యడం వాడి పాత ఎత్తుగడ కాబట్టి యాభై ఇళ్లున్న ప్రతి ఊరూ చదువు చెప్పేవాణ్ని పెట్టుకోవాలి, వంద ఇళ్లుంటే లాటిన్ చెప్పే గ్రామర్ స్కూలు పెట్టాలి అని. ఫ్యాక్టరీ మేనేజరు లేడు ఇందులో, సైతాను ఉన్నాడు.

సందేహాలరావు
గురువుగారూ చిన్న డౌటు. మతం కోసం అంటే సరే. మరి బెల్లూ వరసలూ మానిటరూ ఎక్కడ్నించి వచ్చాయి? లూథర్ కనిపెట్టలేదు కదా.

తాటాకు
ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నా రావుగారూ :) సమాధానం వింటే నవ్వొస్తుంది. మద్రాసు నుంచి.

నిజంగానే. ఆండ్రూ బెల్ అని స్కాట్లాండ్ మతబోధకుడు, సెయింట్ ఆండ్రూస్ ఊరివాడు, 1787లో మద్రాసులో దిగాడు. 1789లో ఎగ్మూరులో సిపాయిల అనాథ పిల్లల ఆశ్రమం పెడితే దానికి సూపరింటెండెంట్ అయ్యాడు. తెల్ల సిపాయిలకి ఇక్కడి ఆడవాళ్ల వల్ల పుట్టిన మగపిల్లలు వాళ్లంతా. జీతాల పంతుళ్లు ఈయన మాట వినరు, పిల్లలకి అక్షరాలు రావు. ఒకరోజు దారిలో ఒక నాటు బడి కనిపించింది. పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేళ్లతో అక్షరాలు దిద్దుతున్నారు. మన వీధిబడే అన్నమాట. ఈయనకి బుర్రలో దీపం వెలిగింది. బడికొచ్చి పంతుళ్లకి చెప్తే వాళ్లు మొహం తిప్పుకున్నారు. దాంతో పంతుళ్లని పక్కనపెట్టి, ఎనిమిదేళ్ల కుర్రాడు జాన్ ఫ్రిస్కెన్‌కి అక్షరాల క్లాసు అప్పజెప్పాడు. కుర్రాడు చెప్పేశాడు! అక్కణ్నుంచి బడి మొత్తం పిల్లలే పిల్లలకి చెప్పేలా మార్చేశాడు.

1796లో ఇంగ్లండు తిరిగెళ్లి, 1797లో ఈ ప్రయోగం మీద చిన్న పుస్తకం వేశాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరు పడిపోయింది. అదే రోజుల్లో లండన్‌లో జోసెఫ్ లాంకస్టర్ అనే కుర్రాడు, క్వేకరు (హింస వద్దనే క్రైస్తవ శాఖ మనిషి), 1798లో పేద పిల్లలకి బడి తెరిచాడు. పిల్లలు ఎక్కువైపోయారు, పంతుళ్లకి ఇవ్వడానికి డబ్బు లేదు. ఆయనా మానిటర్ల దారే పట్టాడు, పైగా దాన్ని పూర్తిగా యంత్రంలా బిగించాడు. పెద్ద హాలు, ఒక్క మాస్టరు, వందల మంది పిల్లలు, పదిమందికో మానిటరు, ప్రతి పనికీ ఒక ఆర్డరు: పలకలు ఎత్తు, పలకలు చూపించు, తిరుగు, నడు. నేల మీద అర్ధచంద్రాకారం గీతకి కాలి వేళ్లు ఆనించి నిలబడాలి. మెడలో ర్యాంకు బిళ్లలు. ఒక్క మాస్టరు వెయ్యి మందికి చెప్పొచ్చన్నాడు.

ఇక్కడ చూడండి మీ ఫ్యాక్టరీ. ఆ రోజుల్లో పొగిడినవాళ్లే దీన్ని యంత్రంతో పోల్చి పొగిడారు. కరీంనగర్ తమ్ముడూ, నువ్వు ప్రష్యాని తిట్టడం మానేసి ఎగ్మూరు వైపు చూడాలి.

కరీంనగర్_కుర్రాడు
ఏంటన్నా ఇది, మా హాస్టల్ పాపం మద్రాసు ఇసుక మీదకి తోశారు 😄 అయినా ఆ లాంకస్టర్ కొట్టేవాడా?

తాటాకు
క్వేకరు కాబట్టి బెత్తం వద్దన్నాడు. మంచివాడే అనుకుంటాం కదా? బెత్తం బదులు మెడకి కొయ్యదుంగ తగిలించడం, అల్లరివాణ్ని బుట్టలో పెట్టి దూలానికి వేలాడదీయడం, మిగతా పిల్లలు కింద నిలబడి నవ్వడం. దెబ్బ తగలకూడదు, పరువు మాత్రం పోవాలి.

ఇలాంటిదే మన వైపూ ఉంది. మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో జిల్లా కలెక్టర్లందరినీ నాటు బడుల లెక్కలు పంపమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టు చాలా వివరంగా ఉంటుంది. ఈయనే 1816లో తెలుగు వ్యాకరణం వేసిన కాంప్‌బెల్. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం వైపు తెలుగు ఊళ్లు కూడా కలిసే ఉండేవి. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు అరవై మంది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఎంత ఆలస్యమైతే అన్ని. తప్పు చేస్తే రెండు చేతులూ కట్టి కప్పుకి వేలాడదీయడం, కూర్చుని లేస్తూ ఉండమనడం అన్నీ రాశాడు.

ఆ రిపోర్టులోనే ఇంకో మాట ఉంది. ఇక్కడ ఎంత తక్కువ ఖర్చుతో రాత నేర్పిస్తున్నారో, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పే ఏర్పాటు ఎంత బాగుందో, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం సమంజసమే అని. అదే నోటితో ఇక్కడి పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేస్తారని కూడా విమర్శించాడు.

బడిగంట
కోదండం! రెండు చేతులూ కట్టి కప్పుకి వేలాడదీయడాన్ని కోదండం వేయడం అంటారు బాబూ. మా నాన్నగారు తను ఎక్కిన కోదండం గురించి చెప్తూ నవ్వేవారు, నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

నేను ముప్ఫై రెండేళ్లు పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి అయిదు దాకా అన్నీ నేనే. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి వాళ్లకి గుణింతాలు చెప్పకపోతే నాకు గడిచేది కాదు. ఆ పిల్ల దగ్గర చిన్నవాళ్లు భయం లేకుండా తప్పులు చేసేవారు, నా దగ్గర బిగుసుకుపోయేవారు. కాబట్టి పద్ధతి చెడ్డదని నేను ఒప్పుకోను. వందమందిని పదిమంది మానిటర్ల మీద వదిలేసి, పంతులు జీతం మిగిలిందని సంతోషపడినవాళ్లదే తప్పు.

ఇంకో సంగతి, ఇది పాశ్చాత్యులకీ కొత్త కాదు. మాకు బి.ఎడ్.లో క్వింటిలియన్ అని రోమన్ ఆయన గురించి చెప్పారు, సరిగ్గా గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్క పేరు అది. క్రీ.శ. 95 ప్రాంతంలో పెద్ద పుస్తకం రాశాడు. వెస్పాసియన్ చక్రవర్తి ఆయనకి ఖజానా నుంచి జీతం ఇచ్చాడు. కొత్తగా చేరిన పిల్లలకి గురువుని చూసి నేర్చుకోవడం కంటే పక్క పిల్లాణ్ని చూసి నేర్చుకోవడం తేలిక అన్నాడు. పిల్లల్ని కొట్టడం బానిసలకి చేసే పని, దెబ్బలకి అలవాటు పడ్డ పిల్లాడు దెబ్బకీ లొంగడు అన్నాడు. దంతంతో చేసిన అక్షరాలు పిల్లల చేతికిచ్చి ఆడుకోనివ్వమన్నాడు. దాదాపు రెండువేల ఏళ్ల కిందట! మా బడికి చెక్క అక్షరాలు 1990ల్లో వచ్చాయి, వాటిని పోతాయని బీరువాలో పెట్టి తాళం వేశారు.

సందేహాలరావు
అమ్మా నమస్కారం. గ్రీకులు ఎక్కడా రాలేదేంటి? స్కూల్ అనే మాట గ్రీకుదే అని విన్నాను.

పాతపుస్తకాలు
అవును, స్కోలే అనే మాట నుంచి. దానికి అసలు అర్థం తీరిక. పని చెయ్యక్కర్లేనివాడికి దొరికే ఖాళీ సమయం. పని ఎవరు చేసేవారంటే బానిసలు. పిల్లాణ్ని ఇంటి నుంచి బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మళ్లీ తీసుకొచ్చే బానిసని పైడగోగోస్ అనేవారు, పెడగాజీ అనే పెద్ద మాట అక్కణ్నుంచే.

కరీంనగర్_కుర్రాడు
అంటే మా ఆటో అన్న అసలైన పెడగాగ్ అన్నమాట. పన్నెండు మందిని ఎక్కించుకుని టైమ్‌కి దింపేవాడు.

పాతపుస్తకాలు
నిజమే :) అయితే ఆ తీరిక సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్లేటో, అరిస్టాటిల్ ఇద్దరూ చదువంటే పొట్టకూటి విద్య కాదు అనే అంటారు. చేతిపని నేర్చుకోవడం స్వేచ్ఛ ఉన్న మనిషికి తగదు అని అరిస్టాటిల్‌కి గట్టి నమ్మకం. మధ్యయుగంలో ఏడు విద్యలు అని చెప్పుకున్నవి, వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, ఆ పైన అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం, వీటికీ ‘స్వేచ్ఛాపరుడి విద్యలు’ అనే అర్థం వచ్చే పేరే. లిబరల్ ఆర్ట్స్ అని మీ డల్లాస్ కాలేజీల్లో లక్షలు కట్టించుకునేది ఆ పేరుతోనే మేడమ్.

ప్లేటో ‘రిపబ్లిక్’ అనే పుస్తకంలో భలే మాట అన్నాడు, బలవంతంగా నేర్పింది మనసులో నిలవదు, పిల్లలకి ఆటలా చెప్పండి అని. ఆ పుస్తకంలోనే రాజ్యం కాపలా కాసే వర్గంలో ఆడవాళ్లకీ మగవాళ్లతో సమానంగా చదువు చెప్పమన్నాడు. దాన్ని మిగతావాళ్లు సౌకర్యంగా మరిచిపోయారు, రెండువేల ఏళ్లకి పైగా.

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం సంగతి మాత్రం కరీంనగర్ తమ్ముడి కోసం చెప్పాలి. పన్నెండు పదమూడు శతాబ్దాల్లో అక్కడ విద్యార్థులే సంఘం కట్టి ప్రొఫెసర్లని పెట్టుకునేవారు. మాస్టరు క్లాసుకి ఆలస్యంగా వస్తే జరిమానా, టైము దాటి సాగదీస్తే జరిమానా, ఊరు దాటాలంటే పిల్లల పర్మిషన్.

కరీంనగర్_కుర్రాడు
నేను తప్పు శతాబ్దంలో పుట్టాను.

సరే అన్నా, ప్రష్యా పాయింటు ఒప్పుకుంటా. కానీ ఇంగ్లండులో, అమెరికాలో ఫ్యాక్టరీల వాళ్ల చెయ్యి అస్సలు లేదంటే మాత్రం నమ్మను.

తాటాకు
చెయ్యి ఉంది, కానీ నువ్వనుకునే వైపు కాదు. చాలా మంది మిల్లు ఓనర్లకి పిల్లలు బడిలో కాదు, మిల్లులో కావాలి. 1833లో ఇంగ్లండు పార్లమెంటు మిల్లుల్లో పనిచేసే తొమ్మిది నుంచి పదమూడేళ్ల పిల్లలకి రోజుకి రెండు గంటలు చదువు చెప్పాలని చట్టం చెయ్యాల్సి వచ్చింది. బడి ఫ్యాక్టరీ వాళ్ల ప్లానే అయితే ఆ రెండు గంటల కోసం చట్టం ఎందుకు?

అంతకు ముందు 1807లో పేదలకి ఊరూరా బడులు పెట్టే బిల్లు వస్తే డేవీస్ గిడ్డీ అనే ఎంపీ లేచి, కూలివాళ్లకి చదువొస్తే తమ బతుకు మీద ఏవగింపు పుడుతుంది, మంచి పాలేర్లుగా ఉండరు, తిరుగుబాటు కరపత్రాలు చదువుతారు అన్నాడు. ఈయన తర్వాత రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు, చదువులేనివాడేం కాదు. బిల్లు పెద్దల సభలో పోయింది.

పేదవాడికి చదువు ప్రమాదం అనే ఈ మాట చరిత్రలో చాలా పాతది, ఫ్యాక్టరీ కథ కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అమెరికాలో సౌత్ కరోలినా 1740లోనే బానిసలకి రాత నేర్పడాన్ని నేరం చేసింది. ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు చెప్పడం మొదలెడితే ఆమె భర్త ఆపేశాడు, వీడికి చదువొస్తే ఇక బానిసగా పనికిరాడని. డగ్లస్ తర్వాత రాసుకున్నాడు, ఆ రోజే తనకి స్వేచ్ఛకి దారి ఏదో తెలిసిందని. వీధిలో తెల్ల పిల్లలకి రొట్టె ముక్కలు ఇచ్చి వాళ్ల దగ్గర చదువు నేర్చుకున్నాడు.

పాతపుస్తకాలు
తాటాకు గారు చెప్పింది సరే కానీ తమ్ముడికి కూడా సగం మార్కులు ఇవ్వాలి. హొరేస్ మాన్ మసాచుసెట్స్ విద్యా బోర్డు కార్యదర్శిగా 1841లో రాసిన రిపోర్టులో, చదువుకున్న కూలివాడు ఎక్కువ పని చేస్తాడు, చదువుకి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది అని వ్యాపారుల్ని ఒప్పించడానికి వాదించాడు. 1843లో యూరప్ వెళ్లి ప్రష్యా బడులు చూసి ముచ్చటపడిందీ ఆయనే. అయితే ఆయనకి నచ్చింది బెల్లు కాదు, పంతుళ్లకి శిక్షణ, పుస్తకం చూడకుండా పాఠం చెప్పగలగడం, బెత్తం కనపడకపోవడం. తర్వాత 1847లో బోస్టన్‌లో క్విన్సీ స్కూలు కట్టారు. వయసుని బట్టి తరగతులు, తరగతికో గది, గదికో టీచరు, పిల్లాడికో డెస్కు. ఇప్పుడు మనం బడి అనగానే కళ్ల ముందు కనిపించే బొమ్మ దాదాపు అదే.

మార్కుల పిచ్చికి మాత్రం నా ఓటు 1862 ఇంగ్లండుకి. రాబర్ట్ లో అనే మంత్రి పుణ్యం. ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి పిల్లాణ్నీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఒక్కో సబ్జెక్టు పాసైతే బడికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. హాజరుకి నాలుగు షిల్లింగులు. ఫెయిలైతే గ్రాంటు కోత, అంటే పంతులు జీతానికే ఎసరు. ఏం జరిగుంటుందో చెప్పక్కర్లేదుగా, పాఠం పుస్తకం మొత్తం బట్టీ. ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీన్ని మొదటి నుంచీ వ్యతిరేకించాడు, ఎవరూ వినలేదు. 1890ల్లో గానీ అది పూర్తిగా పోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా రిజల్ట్స్ గ్రాంటు పేరుతో ఇదే నడిచింది.

బడిగంట
ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఫెయిలయ్యే పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉండమనడం మా చిన్నప్పటిదాకా ఉంది బాబూ. దానికి ఇంత వంశవృక్షం ఉందని తెలీదు.

పలక_బలపం
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను కాబట్టి నా పక్షపాతం నాది. ఇంతమంది మాట్లాడారు, కొమీనియస్ పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ?

చెక్ ఆయన, 1592లో పుట్టాడు. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో ఇల్లు పోయింది, భార్యా ఇద్దరు పిల్లలూ రోగంతో పోయారు, మతం కారణంగా దేశం వదిలి జీవితమంతా పరాయి ఊళ్లలోనే. 1656లో పోలండులోని లెష్నో ఊరు తగలబడితే ఏళ్ల తరబడి రాసుకున్న కాయితాలు కాలిపోయాయి. ఇంత జరిగాక ఆ మనిషి రెండేళ్లకి, 1658లో, న్యూరెంబర్గులో పిల్లల కోసం బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. లోకంలో కనిపించేవన్నీ, ఆకాశం, నిప్పు, పక్షులు, రొట్టె కాల్చడం, బడి, ఒక్కోదానికి ఒక బొమ్మ, బొమ్మలో అంకెలు, పక్కన ఆ అంకెలకి మాటలు లాటిన్‌లోనూ పిల్లల సొంత భాషలోనూ. మొదట్లో అక్షరాల పేజీ: కాకి ఆ ఆ అంటుంది, గొర్రెపిల్ల బే బే అంటుంది, ఆ అరుపే అక్షరం శబ్దం. మనం ‘అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు’ అని బొమ్మ పెట్టి చెప్పినప్పుడల్లా ఆయన చుట్టమే.

అందరికీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ, అన్నీ నేర్పాలి అన్నాడు, అదీ సొంత భాషలో మొదలెట్టి. 17వ శతాబ్దంలో. తర్వాత వచ్చిన రూసోకే పేరంతా.

డల్లాస్_అమ్మ
రూసో అంటే పిల్లల పెంపకం మీద ‘ఎమీల్’ అనే పుస్తకం రాసిన తత్వవేత్తే కదా? ఇక్కడ మా పేరెంటింగ్ గ్రూపులో ఆయన్ని తెగ పొగుడుతారు, పిల్లాణ్ని ప్రకృతిలో వదిలేయాలి అని.

పలక_బలపం
ఆయనే. 1762. పిల్లాడు చిన్న సైజు పెద్దవాడు కాదు, బాల్యానికి తనదైన చూపు ఉంది అన్నది ఆయన గొప్ప మాట, అది కాదనను. పారిస్‌లోనూ జెనీవాలోనూ ఆ పుస్తకాన్ని తగలబెట్టారు, అదీ అందులోని మతం భాగం వల్ల. కానీ మేడమ్, ఆయన తన అయిదుగురు పిల్లల్నీ పుట్టగానే అనాథాశ్రమంలో ఇచ్చేశాడు. ఆ పుస్తకంలోనే అబ్బాయిని పల్లెలో ప్రకృతి మధ్య స్వేచ్ఛగా పెంచి, వాడికి కాబోయే భార్య సోఫీకి మాత్రం మగవాణ్ని సంతోషపెట్టడమే చదువు అన్నాడు. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈ ముక్కనే పట్టుకుని చెరిగేసింది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బడిలో కలిసి చదవాలంది.

అంత చెప్పినా, కేంబ్రిడ్జి చదువుల కోసం ఆడవాళ్లకి 1869లో కాలేజీ వచ్చినా, పరీక్షలు రాసి మగవాళ్లని దాటేసినా, విశ్వవిద్యాలయం వాళ్లకి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో.

తాటాకు
1948!! ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు.

కరీంనగర్_కుర్రాడు
రూసో సంగతి విన్నాక ఒక ప్రశ్న. సొంత పిల్లల్ని వదిలేసినవాడి మాట మనం ఎందుకు వినాలి?

బడిగంట
వినాలి నాన్నా. నేను ముప్ఫై రెండేళ్లు ఊళ్లో పిల్లలకి చెప్పి, నా కొడుక్కి లెక్కలు చెప్పడానికి కూర్చుంటే మూడో నిమిషానికి అరిచేదాన్ని.

పాతపుస్తకాలు
ప్రష్యాని అందరం తిట్టేశాం కాబట్టి ఒక్క మాట వాళ్ల తరఫున. 1806లో నెపోలియన్ చేతిలో చితికిపోయాక, 1809లో విల్‌హెల్మ్ ఫాన్ హంబోల్ట్ చదువుల శాఖ చూశాడు, ఏడాదిన్నర కూడా పూర్తిగా ఉండలేదు. ఆయన రాసిన ఒక మాట: వడ్రంగి గ్రీకు నేర్చుకుంటే వృథా కాదు, పండితుడు బల్ల చెయ్యడం నేర్చుకుంటే వృథా కానట్టే. ముందు మనిషి, తర్వాత వృత్తి అన్నది ఆయన పట్టు. బెర్లిన్ విశ్వవిద్యాలయం 1810లో అలా పుట్టింది. ఆ వీడియో చేసినవాడు తిట్టే ప్రష్యా నుంచే ఇదీ వచ్చింది.

అయితే ఆ ప్రష్యాయే 1851లో, పసిపిల్లలకి ఆటలతో చెప్పే ‘పిల్లల తోటలు’ అనే ఆలోచన మొదలెట్టిన ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్లని నిషేధించింది. ఎందుకో తెలుసా? ఫ్రోబెల్ వాళ్ల అన్నగారి కొడుకు సోషలిస్టు రాతలు రాస్తే, ఇద్దరినీ కలిపేసి, పిల్లల తోటల్లో నాస్తికత్వం నేర్పుతున్నారని. ముసలాయన ఆ మరుసటి ఏడాది పోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

సందేహాలరావు
మూడేళ్ల పిల్లలు బంతులూ చెక్క దిమ్మలూ పెట్టుకుని ఆడుకుంటే ప్రభుత్వానికి టెన్షన్!

పలక_బలపం
చెక్క దిమ్మలు తక్కువవి కావండీ. డెస్కుల గురించి అమెరికన్ విద్యావేత్త జాన్ డ్యూయీ ఒక కథ చెప్తాడు. 1896లో షికాగోలో ప్రయోగం బడి పెట్టాడాయన. పిల్లలకి తగిన బల్లలూ కుర్చీలూ కొనడానికి ఊరంతా తిరిగాడు, ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక కొట్టువాడు అన్నాడట, సార్ మీకు కావలసింది పిల్లలు పని చేసుకునే బల్లలు, మా దగ్గరున్నవన్నీ కూర్చుని వినేవి అని. నేను ఏ బడికి బొమ్మల వర్క్‌షాప్‌కి వెళ్లినా మొదట ఆ కొట్టువాడే గుర్తొస్తాడు. బెంచీలు పక్కకి జరపండి అంటే అవి నేలకి బోల్టులు వేసి ఉంటాయి.

ఇటలీ డాక్టరమ్మ మాంటిస్సోరి 1907లో రోములో శాన్ లొరెంజో పేదల వాడలో తెరిచిన మొదటి ‘పిల్లల ఇంట్లో’ (ఆవిడ బడికి పెట్టిన పేరు) చేసిన పనుల్లో ఒకటి ఇదే, పిల్లాడు తనే ఎత్తగలిగే చిన్న కుర్చీలు. ఆవిడ కూడా మద్రాసు వచ్చింది, 1939లో, అడయారుకి, టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి. యుద్ధం వచ్చి ఇటలీ శత్రుదేశం అయిపోవడంతో 1946 దాకా ఇండియాలోనే చిక్కుకుపోయింది. బెల్ మద్రాసులో మొదలెట్టింది ఒకటి, ఈవిడ మద్రాసుకి తెచ్చింది దానికి పూర్తిగా ఉల్టా. అది పేదల వాడలో పుట్టింది, ఇప్పుడు ఆ పేరు పెట్టుకున్న బడుల ఫీజులు చూశారా?

కరీంనగర్_కుర్రాడు
చూశా. మా అక్క కూతురికి కట్టింది నా ఇంజనీరింగ్ మొత్తం ఫీజు కంటే ఎక్కువ.

అన్నా, ఆ వీడియో కింద ఇవన్నీ క్లుప్తంగా కామెంట్ పెట్టా. 1763, సైతాను, ఎగ్మూరు అన్నీ. పది నిమిషాల్లో డిలీట్ చేశారు. చానెల్ వాడు ఆన్‌లైన్ కోర్సు అమ్ముతాడని ఇప్పుడే చూశా.

డల్లాస్_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం మామగారికి ఫోన్లో చదివి వినిపించాను, గంటన్నర పట్టింది. కోదండం దగ్గర ఆపమన్నారు కాసేపు. ఆయన చిన్నప్పుడు, వీధిబడిలో, ఇసుకలో దిద్దించే పని ఆయనదేనట, ఏడేళ్లకి. దానికి జీతం పంతులుగారు రోజూ ఒక బెల్లం ముక్క ఇచ్చేవారట. ఇన్నేళ్లలో ఈ మాట మా ఆయనకి కూడా తెలీదు.

మామగారిది ఒక ప్రశ్న ఉంది తాటాకు గారూ. ఆ బెల్ దొర సంపాదించిన డబ్బంతా ఏం చేశాడు అని అడగమన్నారు.

తాటాకు
చాలా భాగం బడులకే రాసిచ్చాడని చెప్పండి. సొంత ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో ఆ డబ్బుతో 1833లో బడి తెరిచారు. ఇప్పటికీ నడుస్తోంది, ప్రభుత్వ హైస్కూలు. పేరు మద్రాస్ కాలేజ్.

డల్లాస్_అమ్మ
చెప్పాను. “మరి వాళ్ల బడిలో ఇసుక ఉందా?” అంటున్నారు.